ఆమోదం రాని గీత

(సరుకుల పడవ ప్రమాదంపై జరుగుతున్న విచారణలో మూడో సాక్షి మేజిస్ట్రేటు గారి ఎదుట ఇచ్చిన వాంగ్మూలం)

నా పేరు, తండ్రి పేరు, చిరునామా గుమాస్తా గారు మొదటి పేజీలో రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరుగా పని చేస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. చనిపోయిన సరంగు, అంటే ఆ పడవ నడిపినవాడు, నా తమ్ముడు. పటాల ఆఫీసులో పనిచేసే అమ్మాయి మా ఇద్దరికీ చెల్లెలు.

నేను ఎవరి తరఫునా రాలేదు. ఇద్దరికీ నేను అక్కని, ఇద్దరూ నా చేతుల్లో పెరిగారు. అమ్మ పోయేనాటికి తమ్ముడికి పదేళ్ళు, చెల్లెలికి ఆరు. తమ్ముడు పెళ్ళయ్యాక వేరు కాపురం పెట్టాడు. చెల్లెలు నాతోనే ఉంటుంది.

చెల్లెలి పని ఏమిటో చెప్పమన్నారు. నాకు తెలిసినంత చెబుతాను. సముద్రంలో చమురు, గ్యాసు తీసే కంపెనీలు తమ బావులు, నీళ్ళలో నిలబెట్టిన ప్లాట్‌ఫారాలు, అడుగున వేసిన గొట్టాల వివరాలు వాళ్ళ ఆఫీసుకు పంపుతాయి. ఆమె వాటిని ఇంటర్నెట్‌లో ఉండే పటం మీదికి ఎక్కిస్తుంది. అనుమతి ఉన్నవాళ్ళు ఎక్కడినుంచైనా దాన్ని తెరిచి, ఏ గొట్టం ఎటు పోతుందో చూసుకోవచ్చు. నెలాఖరుకి అందులోంచే రిపోర్టులు తీస్తారు.

ఆ ప్లాట్‌ఫారాలకు సరుకులు చేరవేసే పడవల్లో కూడా ఆ పటం ఉంది. కానీ ఒడ్డు దూరమయ్యేకొద్దీ అది తెరుచుకోదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది అని తమ్ముడు విసుక్కునేవాడు. శాటిలైట్ ఫోను మాత్రం పలికేది. అందుకని సరంగులు చెల్లెలికే ఫోను చేసి అడిగేవారు. తమ్ముడొక్కడే కాదు, అందరూ. వాళ్ళు ఆమెను పటాలమ్మ అనేవారు. ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఒకసారి ఒక సరంగు నిలువెత్తు చేపను మోసుకొచ్చి, ఇది పటాలమ్మ గారికి అని, ఆమె పై అధికారి బల్లమీద పడుకోబెట్టి వెళ్ళాడు. ఆయన కాగితాలు దులుపుకుని నవ్వారట. అలా ఫోన్లో చెప్పకూడదు అని ఆనాడు అనలేదు.

ప్రమాదం ఆదివారం జరిగింది. మర్నాడు రిపోర్టు ఇవ్వాలని చెల్లెలు ఇంట్లోనే పని చేస్తోంది. భోజనాల బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుంది. నేను ప్రార్థన ముగించుకుని ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. పదీ నలభై ప్రాంతంలో ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరులో పెట్టింది. అందువల్ల రెండువైపుల మాటలూ నేను విన్నాను.

తమ్ముడు, "పటాలమ్మ గారూ, తమరి దర్శనం దొరుకుతుందా?" అన్నాడు.

"ఆదివారం కూడా వదలవు కదా అన్నయ్యా. చెప్పు."

ఇంజను మొరాయించిందని, పడవను గాలి ప్లాట్‌ఫారం వైపు తోస్తోందని, లంగరు వెయ్యక తప్పదని చెప్పాడు. పడవ ఉన్న చోటు అంకెలు చదివాడు. ఆమె వాటిని కొట్టింది.

"కింద ఏమైనా ఉందా?"

"ఏం లేదు. ఖాళీయే."

"సరిగ్గా చూశావా?"

"చూశానన్నయ్యా. ఖాళీయే. వేసెయ్."

తర్వాత వాడు నన్ను పలకరించాడు. "అక్కా, దీనికి టిఫిను పెట్టలేదా, కసురుతోంది" అన్నాడు. సాయంత్రం పెందరాళే రమ్మన్నాను. సరే అక్కా అన్నాడు. అంతే.

కాసేపటికి చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె నాకు చెప్పింది ఇది. రిపోర్టు తీసేటప్పుడు పటం మీద ఒక మీట నొక్కుతారట. అది నొక్కితే పై అధికారి ఆమోదించినవే తెరమీద ఉంటాయి. ఆమోదం రానివి కనపడవు. మీట తీసేస్తే అవి చుక్కల గీతలుగా వస్తాయి. ఫోను వచ్చేసరికి ఆమె రిపోర్టులో ఉంది. మీట నొక్కే ఉంది. అక్కడ గ్యాసు గొట్టం వేసి మూడు వారాలైంది. దాన్ని పటం మీద గీసింది ఆమే. ఆమోదానికి పంపింది ఆమే. ఆమోదం రాలేదు.

ఆమె మీట తీసేసింది. తమ్ముడు చెప్పిన చోట చుక్కల గీత వచ్చింది. అది నేను నా కళ్ళతో చూశాను. ఆమె వెంటనే వాడికి ఫోను చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మోగింది. మూడోసారి మోగలేదు.

పడవలో జరిగింది నేను చూడలేదు. పడవలో వంట చేసే ఆయన చెప్పగా విన్నాను. లంగరు గొట్టానికి తగులుకుందని, నీళ్ళు మరిగినట్టు పొంగాయని, గ్యాసు అంటుకుందని చెప్పారు. నలుగురు దూకారు. తమ్ముడు గొట్టం మూసెయ్యండి, మూసెయ్యండి అని రేడియోలో ప్లాట్‌ఫారానికి చెబుతూ లోపలే ఉండిపోయాడట. ఇది విన్నదిగానే రాసుకోండి.

శవాన్ని మా ఆస్పత్రికే తెచ్చారు. కప్పిన దుప్పటి మా లాండ్రీది. మూల మీద మా ముద్ర ఉంది. ఇస్త్రీ సరిగ్గా లేదు. ఇది విచారణకు అక్కర్లేదు, గుమాస్తా గారు రాసేశారు, ఉండనివ్వండి.

అంత్యక్రియలయ్యాక చెల్లెలి పై అధికారి మా ఇంటికి వచ్చారు. ఆమె లోపలి గదిలో ఉంది. ఆ ఉదయం పడవలో ఎవరూ పటం తెరవలేదని కంప్యూటరులో నమోదైందని, సరంగు చూడకుండా లంగరు వేశాడని రిపోర్టు వెళుతోందని చెప్పారు. ఫోను సంగతి ఆయనకు తెలుసు. అన్నాచెల్లెళ్ళు ఇంటి విషయాలు మాట్లాడుకున్నారని అనుకుంటాం అన్నారు. "పోయినవాడు తిరిగి రాడమ్మా. ఉన్న పిల్లను నిలబెట్టుకోండి" అన్నారు. గొంతు మెత్తగానే ఉంది. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు.

నేను ఒకటే అడిగాను. "ఆ గీతకి ఆమోదం వచ్చిందా?"

"వచ్చింది. సోమవారం" అన్నారు. టీ తాగకుండా వెళ్ళారు.

చూడకుండా వేశాడు అన్న మాట రేవంతా పాకింది. ఆ మంటల్లో ఒళ్ళు కాలిన డెక్కు పనివాడి భార్య మా మరదలితో మాట్లాడటం మానేసింది. మరదలు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆయన చూడకుండా లంగరు వేసే మనిషా వదినా? నువ్వు చెప్పు, నువ్వు పెంచావుగా" అంది. చెల్లెలు పక్కనే నిలబడి ఉంది. నేను లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మరదలు మొహం కడుక్కుని వెళ్ళిపోయింది.

నేను రోజూ ప్రార్థన చేస్తాను. ఆ రోజు నుంచి మాట రావడం లేదు. కూర్చుంటాను, లేస్తాను. ఒకరి కోసం అడిగితే ఇంకొకరికి కీడు అడిగినట్టవుతుంది.

చెల్లెలు నన్ను చెప్పొద్దని ఒక్కసారీ అనలేదు. చెప్పమనీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు తేలికయ్యేది. ఆమె పనిలోకి వెళుతోంది. ప్రమాదాలను పటం మీద గుర్తుపెట్టే పని కూడా ఆమెదే. ఆ చోట ఇప్పుడు ఎర్ర చుక్క ఉంది. దాన్ని నొక్కితే తేదీ, పడవ నంబరు, మరణాలు ఒకటి అని వస్తుంది. పెట్టమన్నారు, పెట్టింది. నాకు తీసి చూపించింది. వాణ్ణి పదేళ్ళప్పుడు ఎత్తుకుంటే కాళ్ళు నేలకి తగిలేవి.

ఇది నిర్లక్ష్యమంటారా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. ఆ మాట మీరే తేల్చాలి. వాడు అడిగాడు. రెండుసార్లు అడిగాడు. ఆమె తెరమీద ఉన్నది చెప్పింది. తెరమీద ఉండాల్సింది లేదు. నా తమ్ముడు చూడకుండా లంగరు వెయ్యలేదు.

పైదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "ఖాళీ అని చెప్పినట్టు జ్ఞాపకం" అని ఉంది. జ్ఞాపకం అన్నది కొట్టేయించాను. చెప్పింది. నేను విన్నాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. ఎవరి భయానికీ, ఎవరి మీద ప్రేమకీ మార్చి చెప్పలేదు. దేవుడు వింటున్నాడని తెలిసి చెప్పాను.

తర్వాతి సాక్షి మా చెల్లెలు. వరండాలో బెంచీ మీద ఉంది. లోపల నేనేం చెప్పానో నా నోటితోనే ఆమెకు చెబుతానని అడిగాను. సాక్షులు మాట్లాడుకోకూడదన్నారు. సరే. ఆమె వాంగ్మూలం అయ్యేదాకా అదే బెంచీ మీద కూర్చుంటాను. ఎంత ఆలస్యమైనా ఆమెను తీసుకునే ఇంటికి వెళతాను.

(సాక్షి సంతకం)