ఫెర్గస్ టోకెన్ సంతానం

హోబార్ట్ రేవులో ఫెర్రీలు నడిపే చిన్న కంపెనీ అది. ఫెర్గస్‌కి లామింగ్టన్ కేకులు పెట్టి వీడ్కోలు చెప్పి పావుగంటైనా కాలేదు. పాస్‌వర్డుల ఖజానా పెత్తనం అతని నుంచి అందుకున్న ఆమె, వేళ్లకంటిన కొబ్బరికోరు దులుపుకుంటూ తృప్తిగా కూర్చుంది. ఇంతలో పక్క బల్ల అతను పరుగున వచ్చాడు.

“ఏం చేశావు తల్లీ?”

“ఖజానా తెరిచే ఫెర్గస్ టోకెన్ రద్దు చేశాను. వెళ్లిపోయిన మనిషికి ఖజానాలోకి దారి ఉంచుతామా?”

“దాని పిల్లల సంగతి చూశావా?”

“టోకెన్‌కి పిల్లలేమిటి, నీ మొహం!”

“దానితో పుట్టించిన టోకెన్లన్నీ దాని పిల్లలే. మన యంత్రాలు ఖజానాలోంచి పాస్‌వర్డులు తెచ్చుకునేది వాటితోనే. తల్లి పోతే అవీ పోతాయి.”

“టిక్కెట్ల యంత్రం?”

“పోయింది.”

“రేవు గేటు?”

“అదీ పోయింది. బయట జనం మనకి పూజ చేస్తున్నారు.”

“కాఫీ మిషను?”

“అది కరెంటుతో నడుస్తుంది. ఊపిరి పీల్చుకో.”

“సరే, నా టోకెన్‌తో అన్నిటినీ మళ్లీ పుట్టిస్తాను.”

“నీదీ ఆ తల్లి పిల్లే.”

“మరి నీది?”

“నాది మనవడి వరస.”

“ఇప్పుడు దిక్కెవరు?”

“ఖజానా అసలు తాళంచెవి ఉన్నవాడు. పొద్దున నీకు అప్పగించబోతే, ముందు కేకు తిందాం రమ్మన్నావుగా.”

“అయ్యో, ఫెర్గసా! ఈపాటికి ఫెర్రీ ఎక్కేసుంటాడు.”

“ఎలా ఎక్కుతాడు? గేటు తెరుచుకోందే!”

ఆమెకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

“బతికించావు! వెళ్లి పిలుచుకురా.”

“ఫోన్లోనే ఉన్నాడు. గేటు పాడుచేసిన వెధవెవరో చెబితేగానీ రాడట. ఇదిగో, నువ్వే చెప్పు.”