రెండు టీవీల బోటు

పరదేశి అని ఒక మనిషుండీవాడు. మీకు తెలుసులే, మా ఆయనే. తెలియనోళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కూచున్నారు కదా, అందుకని చెప్తన్నాను. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బోటు ముక్కు మీద నిలబడి, తాడుకి సీసం గుండు కట్టి సముద్రంలోకి వదిలీవాడనుకో, గుండు అడుక్కి తగిలాక ఆ తాడుని రెండు చేతులూ చాపి బారలు బారలుగా కొలుచుకుంటా పైకి లాగీవాడు. గుండు కింద కొంచెం సబ్బు రాసీవాడు. సబ్బుకి ఇసకంటుకుందా, బురదంటుకుందా, ఏదీ అంటకండా ఉత్త గీత పడిందా, అది చూసి కింద ఏటుందో చెప్పీవాడు. గీత పడితే రాయి. "పన్నెండు బారలో" అని ఈయన ముందునుంచి అరిస్తే, వెనక కేబిన్లో స్టీరింగు పట్టుకున్నోడు "పన్నెండో" అని తిరిగి అరవాలి. అరవలేదంటే వినలేదని లెక్క, మళ్ళీ అరవాలి. మా మావగారి కాలం నుంచీ అదే పద్ధతి.

స్టీరింగు దగ్గర మా ఎల్లాజీ. ఒక్కడే కొడుకు. ఆడేం చేశాడంటే, హార్బర్లో చేపల టీవీ ఒకటి చూసి తెచ్చి కేబిన్లో పెట్టాడు. బోటు అడుగున కన్నులాంటిది బిగిస్తారు, అది కిందికి చప్పుడు పంపుతాదంట, ఆ చప్పుడు అడుక్కి తగిలి తిరిగొస్తాదంట, ఎంత లోతుందో, చేపలు ఎక్కడున్నాయో టీవీలో బొమ్మ పడిపోతాది. నేనూ చూశాను. ఎర్రగా, పచ్చగా, నీలంగా చీరంచులాగుంటాది. ఆడు లోతు దాంట్లో చూసుకునీవాడు. ఈయన గుండు మానలేదు. ఇలా ఉండగా ఒకరోజు ఏమైందంటే, ఈయన "పదకొండు బారలో" అన్నాడంట. టీవీలో తొమ్మిదుందంట. ఆడు తిరిగి అరవలేదు. ఈయన మళ్ళీ పదకొండన్నాడు. "తొమ్మిదే నాన్నా, నీ చేతులు పొట్టయిపోనాయి" అని ఆడు నవ్వాడంట. పక్క బోటోళ్ళు కూడా నవ్వారంట. ఈయన గుండు పట్టుకుని కేబిన్లోకొచ్చి "నా చేతులు పొట్టయితే నువ్వెలా పెరిగావురా" అన్నాడు. మాటకి మాట పెరిగింది. ఆడు ఆ గుండు లాక్కుని సముద్రంలోకి ఇసిరీసాడు. మా మావగారి చేతిలో ఉండీ గుండది.

ఆ పూట నుంచి ఈయన ఆడితో మాట్లాడలేదు. ఎనిమిది నెలలు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. ఎదురెదురుగా కూచుని, ఒకే గిన్నెలో పులుసు ఏసుకుంటా, "మీ అబ్బాయిని ఇంజను చూసుకోమను" అనీవాడు ఈయన. "మీ ఆయన్ని రేపు నాలుగింటికి లెగమను" అనీవాడు ఆడు. నేను అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పాలి. వినబడిందే మళ్ళీ చెప్పాలి. "నా మెడ పట్టీసింది, ఇంక మీ మాటలు పులుసులో ఏసి పంపుకోండి" అన్నానొకరోజు. ఆడికి నవ్వొచ్చీసింది. ఈయనకీ వచ్చీసింది. చెరో గోడకేసి తిరిగి నవ్వుకున్నారు గానీ, ఒకరి మొకం ఒకరు చూసుకోలేదు.

బోటు మీద మా తమ్ముడు కొర్లయ్యకి అదే పని పడింది. ఇంకో గుండు చేయించుకోమంటే ఈయన చేయించుకోలేదు. ముక్కు మీద నిలబడి నీళ్ళ రంగు చూసి లోతు చెప్పీవాడు. ఆ మాట పట్టుకుని కొర్లయ్య వెనక్కి పరిగెత్తాలి, ఆడన్నది పట్టుకుని ముందుకి పరిగెత్తాలి. "అక్కా, నేను వల లాగడానికెళ్తన్నానా, ఈళ్ళకి ఉత్తరాలియ్యడానికెళ్తన్నానా? ఇంక నేన్రాను" అనీసాడు. కొర్లయ్య లేకపోతే వల లాగీదెవరు? నేనే ఎల్లాజీతో అన్నాను, "నాన్నకి ముందు కూడా ఒక టీవీ పెట్టీరా" అని. మెకానిక్కొచ్చాడు. అడుగునున్న కన్ను నుంచి ముందు టీవీకి వైరేసి, అక్కణ్ణుంచి కేబిన్లో టీవీకి ఇంకో వైరు లాగాడు. "రెంటికీ ఒకటే బొమ్మమ్మా, ముందు ఏది పడితే వెనకా అదే" అన్నాడు. "మీ అబ్బాయి టీవీ నాకెందుకు" అన్నాడు ఈయన. వారం తిరిగీసరికి తువ్వాలుతో దాన్ని తుడుచుకుంటన్నాడంట. నేను సంతోషించాను. హమ్మయ్య, ఇంక ఎవరికీ ఎవరూ ఏటీ చెప్పక్కర్లేదు అన్నాను. నా నోటితో నేనే అన్నానామాట.

ఇంక తరవాతిది కొర్లయ్య చెప్పింది. పొద్దున్న పదవుతాదంట. చేపలు బాగానే పడ్డాయి, తిరిగొస్తన్నారు. మన ఊరికి ఉత్తరాన నీళ్ళ కింద రాయుంది కదా, అటుగా బోటుని నీళ్ళు లాగీసాయి. సముద్రం నూనె పోసినట్టుందంట, రాయి మీద నురగ కూడా లేదు. కొర్లయ్య మద్దెన కూచుని చేపలేరుతన్నాడు. ముందు ఈయన టీవీ చూస్తన్నాడు. పదిహేను బారలున్నది తొమ్మిదయింది. ఆరయింది. బోటు తిరగలేదు. ఏమైందంటే, ఆ రెండు టీవీల మద్దెన వైరు జాయింటుని ఉప్పు తినీసింది. కేబిన్లో బొమ్మ పదిహేను దగ్గరే ఆగిపోయింది. ఆ రాయి తప్పిస్తే అక్కడంతా ఇసక నేల, ఎంత దూరమెళ్ళినా పదిహేనే ఉంటాది. అందుకని ఆడికి అనుమానం రాలేదు. ఈయనకా సంగతి తెలీదు. తనకి కనబడిందే ఆడికీ కనబడతందనుకున్నాడు. "చూశావురా కొర్లా, ఆరుకొచ్చినా తిప్పట్లేదు మీ మేనల్లుడు. నా చేత నోరిప్పించాలని చూస్తన్నాడు. ఇప్పను" అన్నాడంట. "నేనరుస్తాను బావా" అన్నాడంట ఈడు. "నువ్వు నోర్ముయ్యి. ఆడికి టీవీ ఉంది, కళ్ళున్నాయి. ఆడే తిప్పుతాడు" అన్నాడంట. నాలుగయింది. ఈయన నోరు తెరిచాడంట అమ్మా. తెరిచి, వెనక్కి కేబిన్ వైపు చూసి, మళ్ళీ మూసీసాడంట. అప్పుడింక ఆగలేక కొర్లయ్యే "రాయిరా ఎల్లాజీ" అని అరిచాడు. అప్పటికే తగిలీసింది.

ముక్కు పగిలింది. ఈయన ముందుకి పడ్డాడు, బోటు ఆయన మీద నుంచెళ్ళిపోయింది. ముందు టీవీ నుజ్జయిపోయింది. మిగతా బోటంతా బాగానే ఉంది. ఎల్లాజీయే దూకి తీశాడు. ఒడ్డుకొచ్చిందాకా తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని "నాన్నా, పలుకు నాన్నా" అంటానే ఉన్నాడంట. ఎనిమిది నెలలకి ఆడు ఆయనతో నేరుగా మాట్లాడింది అదే.

కర్మ అయ్యాక మెకానిక్కొచ్చి జాయింటు ఇప్పి చూపించాడు. పచ్చగా చిలుం పట్టి ఉంది. ఎల్లాజీ దానికేసి చూస్తా కూచున్నాడు. అన్నం లేదు, నిద్ర లేదు. మూడోనాడు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నా టీవీ ఆగిపోయింది. నాన్నది ఆగలేదా?" అన్నాడు. "చూసుంటే అరిసీవోడు కదమ్మా? నా మీద ఎంత కోపమున్నా అరిసీవోడు కదా?" అన్నాడు. గుమ్మంలో కొర్లయ్య తల దించుకుని నిలబడ్డాడు. నేనన్నాను, "ఆయనదీ ఆగిపోయిందంటరా. మీ మావ చూశాడు. పదిహేనే ఉందంట" అని. "నిజమేనా మావా?" అన్నాడాడు. కొర్లయ్య తలూపాడు. ఆడు గోడకి జారబడి కూచుని, అప్పుడేడిచాడు. ఏడ్చి, లేచి, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

ఇప్పుడు బోటు బాగు చేయించుకుని ఎళ్తన్నాడు. కొర్లయ్య వేరే బోటెక్కీసాడు, ఆడి మొకం చూడలేకపోతన్నానక్కా అన్నాడు. ఎల్లాజీ రేవులో అందరికీ చెప్తాడు, "మా నాన్న కూడా చివరికి టీవీనే నమ్మీసాడు, నీళ్ళు చూడ్డం మానీసాడు, అదే మా కొంప ముంచింది" అని. "పరదేశి అంతటోడే అలాగైపోనాడా" అని నలుగురూ తలాడిస్తారు. చేతులెంత పొట్టయినా అడుగునున్న రాయి కనిపెట్టీ మనిషిని పట్టుకుని అలాగంటారు. నేను చేపల తొట్టి పట్టుకుని పక్కనే నిలబడి వింటాను. ఏటంటాను? ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టింది నేనే కదా.

అందుకని మీకు చెప్తన్నాను. ఆయన చూశాడు. పదిహేనూ చూశాడు, నాలుగూ చూశాడు. నీళ్ళు తెలియక పోయిన మనిషి కాదు. ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా. ఆడి దగ్గర మాత్రం ఎవరూ అనకండి, మీ పిల్లల మీదొట్టు. లేవండి, లేవండి. అదిగో, ఆడి బోటే వస్తంది.