పాత వైరు

1989 వేసవి. హనుమకొండ, సుబేదారి వెనుక బస్తీ. మధ్యాహ్నం కరెంటు పోయింది. గడియ పెట్టిన ఇంట్లో ఇద్దరు మగవాళ్లు. కాసేపటికి తలుపు బయట ఒకామె.

"నా పెండ్లాన్ని సంపింది నువ్వే, రాజమల్లూ. దాంట్ల రెండో మాట లేదు. ఇగ నీ నోటితోని ఒక్కసారి ఇనాలె, గంతే."

"గట్టన్నా, చేతులు జర వదులు చెయ్యే. వైరు కోస్తాంది. రక్తం కారుతాంది సూడు."

"కారనియ్. నీ వైరే గది. ఈడియో బొమ్మకని ఇండ్లిండ్లకు గుంజినవ్ గదా. ఇయ్యాల నీ ఒంటికి గుంజిన. ఎట్లున్నది కనెక్షన్?"

"పల్లు ఊడగొట్టినవ్. కన్ను వాచగొట్టినవ్. ఇంకేం గావాలె నీకు?"

"పైకి సూడు. బల్బు కనవడ్తాందా?"

"కనవడ్తాంది."

"నీ చేతులకున్న వైరు కిటికీలకెల్లి బయటికి వోయింది. కంబం మీద కరెంటు తీగకు కొండి ఏసి తలిగిచ్చిన. ఇప్పుడు కరెంటు లేదు గనుక నువ్వున్నవ్. ఆ బల్బు ఎలిగిందంటే నువ్వుండవ్."

"అన్నా! అన్నా, నీ కాల్మొక్త. కొండి తియ్యి. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదే!"

"తెల్వది. నా పెండ్లాం మొగిలికి గూడ తెల్వలే."

"పిచ్చి లేసిందా నీకు? అన్నా, మాట్లాడుకుందాం. ముందుగాల కొండి తియ్యి, తర్వాత మాట్లాడుకుందాం."

"ముందుగాల మాట. తర్వాత కొండి."

"గట్టయ్యా! ఓ గట్టయ్యా! తలుపు తియ్యిరా! నేనురా, బక్కమ్మను. మీ అక్కను!"

"నువ్వు పో అక్కా."

"ఎటు పోవాలెరా? గిర్ని కాడ రాజమల్లు అంగి పట్టి ఈడ్సుకొచ్చినవట. బజార్ల అందరు సూసిండ్రు. నా పెండ్లాన్ని సంపినోడు ఈడే అని ఒర్రినవట. వాడున్నడా, సచ్చిండా?"

"బక్కక్కా! ఉన్న! ఇంకా ఉన్న! తలుపు పలగ్గొట్టుండ్రి!"

"ఒర్రకు. ఒర్రితే రెండో కన్ను గూడ పోతది. అక్కా, ఇను. తలుపు కదిలిందంటే గొడ్డలి వాని మెడ మీదుంటది. నీ ఇష్టం."

"నీ తల పండు వల్గ! జైలుకు వోతవ్‌రా!"

"పోత. ఈడ వండి పెట్టేటోళ్లు లేరు. ఆడనన్న పెడ్తరు."

"నిన్న ఠాణల ఏమన్నరురా నీకు? గాలికి జరిగింది, ఎవ్వల తప్పు లేదు అని చెప్పి పంపిండ్రు గదరా!"

"గాలికి! గాలికి పేరు లేదు, మెడ లేదు. నాకు మెడ గావాలె. చెప్పు రాజమల్లూ. నీ కనెక్షన్ ఇడిసి జయరాజు కనెక్షన్ పెట్టుకున్ననని కడుపుల వెట్టుకున్నవ్. అవునా, కాదా?"

"కాదు. కనెక్షన్ ఇడిస్తే మనిషిని సంపుతరా? సగం బస్తీ జయరాజు దిక్కు పోయింది. అందరిని సంపిన్నా?"

"సగం బస్తీ ఇంటికి పోయి అడగలే నువ్వు. నా ఇంటికొచ్చి అడిగినవ్."

"అడిగిన. ఇన్నేండ్ల సంది నడుస్తాంది, ఎందుకు తీసేస్తాన్నవే అన్న. నువ్వేమన్నవ్?"

"బొమ్మ సాఫ్ లేదన్న."

"బొమ్మ సాఫ్ లేదన్నవ్."

"లేకుండె. ఇసుక వోసినట్టు ఉండె. మనిషి మొకమా, గుమ్మడికాయనా తెల్వకపోయేది. జయరాజు డాబా మీద ఎడ్లబండి గిల్లంత గుండ్రటి డిష్ పెట్టిండు. ఢిల్లీ నుంచి బొమ్మ సక్కగ మీదికెల్లే దిగుతది. చీమ పాకినా కనవడ్తది. ఎవ్వడు ఇడువడు నీ డొక్కు కనెక్షన్?"

"అన్నా, నా ఈడియో పెట్టె నీ ఇంటికి మూడిండ్ల అవతలనే. బొమ్మ మసకైందని గల్లీ చివరోళ్లు అన్నరంటే సరే. వైరు దూరం వోయిన కొద్ది బొమ్మ సస్తది. కని నీకు మసక? గల్లీ మొత్తంల సాఫ్ బొమ్మ నీదే."

"అంటే?"

"అంటే ఏం లేదు."

"అంటే ఏందిరా!"

"కొట్టకు! కొట్టకన్నా! చెప్త. నువ్వు ఇడిసింది బొమ్మ కోసం కాదు. గది బస్తీకి మొత్తం ఎరుకే అంటాన్న."

"నాకూ ఎరుకేరా గట్టయ్యా! వాన్ని కొడ్తే ఎరుక కాకుంట పోతదా?"

"అక్కా, నువ్వు నోర్ముయ్! ఏం ఎరుకరా బస్తీకి?"

"నేను మొగిలి వదినతోని నవ్వుతనని నీకు మంట. అన్న పెండ్లాన్ని వదినా అంటరు. వదినతోని మరిది పరాచికమాడ్తడు. లోకంల లేనిదా? ఏం వదినా, ఇయ్యాల ఏ బొమ్మ ఎయ్యాలె, ఏడ్పిచ్చేదా, నవ్విచ్చేదా? గంతే గదా అడిగింది. ప్రతి ఇంట్ల అడుగుత. అడుగకపోతే నా ధంధ నడువది."

"నా ఇంట్ల అడుగద్దు."

"బంద్ జేసిన గదా. నువ్వు మొకం మాడ్సుకున్న దినం నుంచి నీ గడప తొక్కలే."

"తొక్కినవ్. ఆ దినం తొక్కినవ్. నేను గోదాం కాడ బస్తాలు మోస్తాన్న. నువ్వు నా వాకిట్లకు వచ్చినవ్. పక్కింటి కృపమ్మ గోడ మీదికెల్లి సూసింది."

"వచ్చిన. పాత వైరు నాది. తీసుకపోను వచ్చిన."

"తీసుకపోలే. కంబం కాడ విప్పినవ్. విప్పిన కొస నా కొండి మీద ఏసి పోయినవ్. తోలు ఊడిన ఆ పాత వైరే మొగిలికి దండెం. ఎప్పటిలెక్కనే తడి చీర తెచ్చి దాని మీద ఆరేసింది. నేను వచ్చేసరికి వైరుకే పట్టుకొని ఉన్నది. ఇడిపిద్దామంటే నన్ను గూడ ఇసిరి కొట్టింది కరెంటు. నా పెండ్లాం చేతిని కట్టెతోని కొట్టి ఇడిపిచ్చినరా! కట్టెతోని!"

"సూసిన అన్నా. నేను గూడ ఉరికొచ్చిన."

"ఎందుకొచ్చినవ్? సచ్చిందా లేదా సూడనీకా?"

"నేను కొండి మీద ఎయ్యలే. యేసు ప్రభువు మీద, మా తల్లి మీద, ఎవ్వల మీదంటే వాళ్ల మీద ఒట్టు. విప్పిన కొసను కంబానికి ముడేసి పోయిన. పొద్దూకంగ గాలి దుమారం లేసింది. ముడి ఊడి నీ కొండి మీద పడ్డది. కొండి ఏసిందెవ్వలు? నేనా?"

"కొండి సంగతి తియ్యకు."

"ఎందుకు తియ్యద్దు? దొంగ కరెంటు నువ్వే గుంజుకున్నవ్. పోలీసులు రాకముందే పొడుగు గడెతోని కొండి తీసి గడ్డి కుప్పల దాసినవ్. నేను సూసిన. ఎవ్వలకన్న చెప్పిన్నా? ఆమె పోయినంక మీటరు పెట్టిచ్చుకున్నవ్. ఏమన్నన్నా నిన్ను?"

"తప్పు నీది గనుక నోరు మూసుకున్నవ్."

"తప్పు నాదైతే ముందుగాల నేనే చెప్తుంటి గదనే, కొండి గట్టన్నదని!"

"ఒర్రకు. ఒక్కటి చెప్పు. నువ్వు నిన్న మొన్న పనోనివి కాదు. వైరు విప్పినోడు ఏం జేస్తడు? సుట్ట సుట్టి భుజానికి ఏసుకొని పోతడు. సగం విప్పి ముడేసి పోతడా ఎవ్వడన్న?"

"పోడు."

"మల్ల నువ్వెందుకు పోయినవ్?"

"గది అడుగకన్నా."

"గదే అడుగుతాన్న."

"గదొక్కటి దప్ప ఏదన్న అడుగు."

"గదే. గదొక్కటే. ఎందుకు సగంల ఇడిసినవ్?"

"ఇడిసిన. పని పడ్డది. పోయిన."

"ఏం పని?"

"ఏదో పని. యాదికి లేదు."

"యాది తెప్పిస్త. చెయ్యి ఇటు వెట్టు."

"అన్నా వద్దు! అన్నా! వేలు! అమ్మా!"

"ఏం జేస్తాన్నవ్‌రా లోపల! గట్టయ్యా! అయ్యో, ఎవ్వలన్న రాండ్రి! గట్టయ్యా, సుబేదారి దిక్కు కరెంటు వచ్చిందంటాండ్రు! ఆఫీసుల పంకలు తిరుగుతానయట!"

"ఇన్నవా రాజమల్లూ? సుబేదారికి వచ్చింది. ఒక్కొక్క లైనుకే ఇస్తాండ్రు. ఇగ మనదే."

"చెప్త! కొండి తియ్యి, చెప్త!"

"చెప్పు, తీస్త."

"ఇంటే తట్టుకోలేవ్ అన్నా!"

"నా పెండ్లాం చేతిని కట్టెతోని కొట్టినోన్ని. నాకు తట్టుకునుడు నేర్పుతవా?"

"వదిన పొమ్మన్నది!"

"ఏంది?"

"వదినే పొమ్మన్నదే! సగం సుట్ట సుట్టిన. లోపట్నుంచి ఉరికొచ్చింది. 'పో రాజమల్లూ, నీకు పుణ్యముంటది, వైరు గాడనే ఉండనియ్. ఆయన వచ్చే యాల్లయింది. నువ్వు వాకిట్ల కనవడ్తే నన్ను సంపుతడు' అన్నది."

"అబద్ధం."

"'నిన్ననే కొట్టిండు, చెయ్యి లేస్తలేదు' అన్నది."

"అబద్ధమాడుతాన్నవ్. పానం కోసం సచ్చినామె మీద అబద్ధమాడుతాన్నవ్."

"ఎడమ చెయ్యన్నా. కొంగు కింద దాసుకున్నది. కొంగు జారింది, సూసిన. మోచెయ్యి కాడ ఇంతలావు వాచింది. ఇగ నేనేం మాట్లాడాలె? ఒక్క ముడేసి గోడ దునికి ఉరికిన. నేనుంటే ఆమెకు ఇంకో దెబ్బ పడ్తదని ఉరికిన. నీకెరుక గదా అన్నా, ఏ చెయ్యో."

"అబద్ధం."

"ఏ చెయ్యో నీకెరుక గదా?"

"వాడు అబద్ధమాడ్తలేడురా."

"నువ్వు మాట్లాడకు అక్కా."

"ఆ పొద్దు పొద్దుగాల ఆ చేతికి పసుపు, సున్నం పట్టు ఏసింది నేనురా. బాయి కాడ జారి పడ్డ వదినా అన్నది. నా తమ్ముని పరువు పోతదని నేను గూడ అవునా తల్లీ అన్న. బాయి కాడ పడ్డోళ్లకు అయిదు వేళ్లు అచ్చు వడ్తయారా?"

"మాట్లాడకన్న గదా!"

"ఇన్ని దినాలు మాట్లాడలే. అందుకే గిట్లయింది."

"గట్టన్నా... కొండి. అన్నా, చెప్పిన గదా. కొండి తియ్యి. గడె గాడ మూలకున్నది. అన్నా, నా దిక్కు సూడు. ఏం సూస్తాన్నవ్ గా బల్బు దిక్కు? అన్నా! నువ్వు అడిగిందే చెప్పిన! గట్టన్నా!"

"ఇంకేమన్నది?"

"ఎవ్వలు?"

"మొగిలి. ఇంకేమన్నది?"

"ఏమన్లే. కొండి తియ్యి, నీ కాల్మొక్త!"

"ఇంకేమన్నదిరా!"

"గోడ దునుకంగ ఒక్క మాటన్నది. 'ఏం అనుకోకు తమ్మీ, ఆయన మంచోడే' అన్నది. గంతే! గంతే అన్నది! కొండి తియ్యన్నా!"

"గట్టయ్యా! వాన్ని సంపి మొగిలమ్మను తెస్తవారా? తియ్యిరా! నా మాటిను, నీ అక్కను, తియ్యి!"

"తీసిన."

"తీసినవా? నిజంగనా? అన్నా, నిజంగ తీసినవా?"

"గడెతోని కిటికీలకెల్లి గుంజిన. సప్పుడు ఇనలేదా? కింద పడ్డది. సూడు."

"గిర్ని మొదలైందిరా! గట్టయ్యా, గిర్ని తిరుగుతాంది, కరెంటు వచ్చింది! రాజమల్లూ! ఓ రాజమల్లూ, పలుకు నాయినా!"

"ఉన్న... ఉన్ననక్కా. బల్బు ఎలిగింది. నేనున్న."

"నా తండ్రే! గట్టయ్యా, ఇగనన్న తలుపు తియ్యి."

"అన్నా, టీవీ గూడ వచ్చింది. పొద్దుగాల బంద్ జెయ్యలేదా? అన్నా, గొడ్డలి ఎందుకు? తీసిన అన్నవ్ గదా! గట్టన్నా, గొడ్డలి ఎందుకే! వద్దు! వద్... అబ్బ! పెంకులు! కండ్లల్ల పడ్తయ్, చాలు! టీవీనే గదా, పలిగింది, చాలన్నా! ఇంకెన్ని దెబ్బలు ఏస్తవ్?"

"సాఫ్ బొమ్మ. చీమ పాకినా కనవడ్తది."

"చాలే అన్నా. చాలు."

"అక్కా, గడియ తీసిన. రా. కాళ్ల కింద సూసుకో, పెంకులున్నయ్. వాని కట్లు ఇప్పు. మంచినీళ్లు తాపి దవాఖానకు తోలుకపో."

"అయ్యో దేవుడా! ఏం కొట్టుడురా ఇది? ఈ వేలు సూడు, ఎట్ల తిరిగిపోయిందో. లే నాయినా, మెల్లగ. నా భుజం పట్టుకో."

"నడుస్తనక్కా. గట్టన్నా, ఒక్క మాట."

"పో."

"నేను కేసు పెట్ట. దవాఖానల అడిగితే కంబం మీదికెల్లి పడ్డ అని చెప్త. నాకేం వద్దు. గిర్ని కాడ అందరి ముంగట నీ పెండ్లాన్ని సంపినోన్ని అన్నవ్. ఆడికే వచ్చి, వీడు కాదు అని ఒక్క మాటను. నాకు ఆడపిల్లలున్నరు. రేపు బజార్ల వాళ్లను ఏమని పిలుస్తరు?"

"అన."

"అను తమ్మీ. వాడు నిన్ను కాపాడిండు. పోలీసుల కాడ కాపాడిండు, ఇప్పుడు గూడ కాపాడుతా అంటాండు. ఒక్క మాటరా. ఎందుకనవ్?"

"వీడు కాదంటే, మరి ఎవ్వలు అని అడుగుతరు."

"అడిగితే చెప్పు."

"తీసుకపో అక్కా వాన్ని. మొగిలి మాట ఈ ఇంట్ల ఇగ ఎవ్వలెత్తద్దు. నేను ఎత్త. సచ్చేదాంక ఎత్త."