సొట్ట పడ్డ సెట్టు

నరసరావుపేటలో కిరాణా కొట్టు నాగభూషణానికి, ఇంట్లోంచే ఊరూరి వాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియోల పిచ్చి. ఆదివారం పొద్దున కొట్టు వెనక గదిలో, బల్ల మీద బియ్యం బస్తా అంత పాత సెట్టు. గుమ్మంలో భార్య శ్యామల.

"ఇంకోటా? ఇంకోటి తెచ్చారా?"

"అరవమాకే. వాల్వుల సెట్టు. మిలటరీ వేలంలో మా నాన్న కొన్నాడే, అచ్చు దాని కవలపిల్ల. పాత సామాన్ల సాదిక్ దగ్గర దొరికింది."

"ఏ సాదిక్?"

"ఎంతమంది సాదిక్‌లే నీకు? మన వీధికి బండేసుకొచ్చే సాదిక్."

"ఓహో... టీ పెట్టనా?"

"సెట్టు తెచ్చిన రోజున టీ పెడతానంటన్నావా! ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. దీన్నేం చేస్తారు?"

"కోస్తా. ట్రాన్స్‌ఫార్మర్ ఊడబీకి, అటక మీదున్న నాన్న సెట్టుకి బిగిస్తా. సాయంత్రం దాన్లోంచే మాట్లాడతా. మాచర్లలో గోపాలకృష్ణయ్య గారు తన సెట్టులో వింటానికి కాసుక్కూర్చుంటానన్నారు."

"కొయ్యటమెందుకండీ? లక్షణంగా ఉందిగా, అలమరలో పెట్టుకోండి."

"మొన్నటిదాకా ఇనప ముక్కలన్నావు!"

"మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే."

"సరే, నిచ్చెన పట్టుకో. అటకెక్కి నాన్నది దించుతా."

"అటకా? వద్దొద్దు! తేళ్లు. ఇంతింత తేళ్లున్నయ్."

"అయితే ముందు దీన్నే కోస్తా. ఆ కటింగ్ ప్లేయరివ్వు."

"ఆగండి. ఆ మూల సొట్టేందండీ? మామయ్యగారి దానిక్కూడా అక్కడే ఉండేదిగా?"

"ఈ రకం సెట్లన్నిటికీ అక్కడే పడుద్ది. రేకు పల్చన."

"పైన ఆ గ్లాసు మరక?"

"మిలటరీ వాళ్లు టీ తాగరా ఏంది?"

"వెనకమాల బసవపున్నయ్య అని మామయ్యగారి పేరు గీకి ఉందే!"

"ఆ పేరు పల్నాట్లో ఊరికి పదిమందికుంది. ఒక్కడన్నా మిలటరీకి పోయుండడా? జరుగు. ముందు ఈ ఎర్ర వైరు..."

"కొయ్యమాకండి! మీ కాళ్లు మొక్కుతా, కొయ్యమాకండి! అది మామయ్యగారిదే. అటక మీద ఏమీ లేదు. ఇల్లు దులిపేటప్పుడు నేనే సాదిక్‌కి అమ్మేశా. ఎలకలు గూడు పెట్టినయ్ దాన్లో. మీకు చెబుదామంటే నోరు రాలా. అప్పట్నించీ నాకు ముద్ద దిగటంలా."

"అబ్బ! వచ్చిందే చివరికి నోట్లోంచి. నాన్న సెట్టుని నేను కోస్తానంటే ఎట్టా నమ్మావే? బండి మీద చూడంగానే గుర్తుపట్టా. నా ప్రాణం లేచొచ్చింది."

"తెలిసీ నన్నింత ఏడిపిస్తారా!"

"నీ నోటితో వినాలనిపించింది. కళ్లు తుడుచుకో."

"కోపం లేదుగా?"

"చానా వచ్చింది. పోయింది. నాన్నది ఇంటికొచ్చింది, చాలు."

"ఇంకెప్పుడూ మీ సామాను ముట్టను. మా అమ్మ తోడు."

"అట్టాగేలే. మరి సాదిక్ బండేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. మిగతా రెండు సెట్లు కూడా ఇవాళ తీసుకుపొమ్మంది అక్క, అంటన్నాడు. వాడికేం చెప్పమంటావే?"