ఆరో నంబరు ఎటు చూస్తోంది

ఫుట్‌బాల్ ఫైనల్ మొదలవడానికి ఇంకా నలభై నిమిషాలుంది. కుట్టు ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టుకి ఇచ్చిన గదిలోంచి మిగతా అందరినీ వార్మప్‌కి మైదానంలోకి పంపేసి, కోచ్ మేడమ్ ఒక్క ఆరో నంబరునే ఉండమంది. ఆరో నంబరంటే డిఫెన్సుకి ముందు, నట్టనడుమ నిలబడి వచ్చిన బంతినల్లా ఆపే పిల్ల. అందుకే జట్టంతా ఆమెని గోడ అని పిలుస్తుంది. ఎనిమిది నెలల బిడ్డకి తల్లి. బూటు లేసు బిగిస్తోందన్న మాటే గాని, మేడమ్ తలుపు వేసినప్పటి నుంచీ ఆమె ప్రాణం ప్రాణంలో లేదు.

"కాదు, నేనడిగింది అది కాదు. సెమీఫైనల్లో ఎన్నిసార్లు ఎడమవైపు చూశావు?"

"చూస్తాను మేడమ్. బంతి అందుకునే ముందు భుజం మీంచి వెనక్కి చూడమని నేర్పింది మీరే కదా."

"నీకు భుజాలు రెండున్నాయి."

"అంటే?"

"వీడియో మూడుసార్లు చూశాను. మొదటి సగంలో ఎడమవైపు పంతొమ్మిది సార్లు తిరిగావు. కుడివైపు నాలుగే నాలుగు."

"ఎండ మేడమ్. కుడివైపు తిరిగితే కళ్ళలో పడుతోంది."

"ఆ రోజు మబ్బు పట్టింది."

"అయితే... లైన్ దగ్గర రిఫరీ జెండా ఎత్తాడేమోనని."

"గోడా."

"ఆఁ, మేడమ్."

"సగం ఆటయ్యాక వైపులు మారాం కదా. అప్పట్నించి కుడివైపు చూడటం మొదలుపెట్టావు. మనం మారాం గాని, మెట్ల మీద మూడో వరుస మారలేదు. అక్కడెవరు కూర్చున్నారు?"

"మా అత్తయ్య."

"ఆవిడ ఒళ్ళో?"

"బుజ్జిగాడు."

"ఇప్పుడు దారికొచ్చావు."

"అయినా గెలిచాం కదా మేడమ్! రెండు ఒకటి."

"ఆ ఒకటి ఎట్లా పడింది? నువ్వు మెట్లవైపు తల తిప్పావు, బంతి నీ రెండో పక్కనుంచి జారిపోయింది. నేను చూశాను సరే. ఇవాళ మన మీద ఆడే ఆస్పత్రి జట్టు కోచ్ కూడా ఆ రోజు అక్కడే కూర్చుని నోటుపుస్తకంలో గీకుతూనే ఉంది. ఆవిడకి కళ్ళు లేవనుకున్నావా?"

"ఏమో, వాళ్ళ కూరగాయల చీటీ రాసుకుందేమో."

"నవ్వొచ్చే విషయం కాదిది. వాళ్ళ ఎనిమిదో నంబరు మొదటి నిమిషం నుంచీ మెట్లకి అవతల, నీ రెండో పక్కనే తచ్చాడుతుంది, చూస్తూ ఉండు. నువ్వు మెట్లవైపు తిరగ్గానే సందు దొరుకుతుంది. నడుమ సందు దొరికాక నా డిఫెన్సు పిల్లలు ఎవరిని ఆపుతారు? అందుకని..."

"అందుకని?"

"నీ బదులు జింకని ఆటలోకి దించుతున్నాను. నువ్వు బెంచీ మీద కూర్చో."

"జింకనా! మేడమ్, దానికి కాళ్ళు తప్ప ఇంకేం లేవు. బంతి ఎక్కడుంటే అక్కడికి ఉరుకుతుంది. ఒక్కచోట నిలబడవే అంటే చీమలు కుట్టినట్టు గెంతుతుంది. దాని వెనకాల బస్సు తిప్పుకునేంత ఖాళీ ఉంటుంది."

"తెలుసు. దాని పక్కన ఇంకొకరిని పెడతా. మధ్యలో ఇద్దరు ఆపేవాళ్ళు."

"అప్పుడు ముందుకి బంతి ఎవరందిస్తారు? గోలు ఎవరు కొడతారు, మీరా?"

"నోరు బాగానే తిరుగుతోంది. మెడ తిరక్కుండా ఉంటే చాలు కదే తల్లీ! నాకు మాత్రం సరదానా? పేర్ల కాగితం ఇంకో పది నిమిషాల్లో రిఫరీకి ఇవ్వాలి. బిడ్డ వైపు చూడనని చెప్పు, నీ పేరే రాస్తా."

"చూడను."

"బూటుకి కాదు, నాకు చెప్పు."

"చూడ... చూస్తాను మేడమ్. అబద్ధమెందుకు. నా చేతుల్లో లేదది. మూడు నెలల కిందట వాడికి పాలు పొలమారి ఊపిరాగిపోయింది. పెదాలు నీలం తిరిగాయి. అత్తయ్య బోర్లా పట్టుకుని వీపు మీద చరిస్తే అప్పుడు ఏడ్చాడు. అప్పట్నించి వాడు కంటికి కనబడకపోతే నాకు ఊపిరాడదు. మిషను ముందు కూర్చున్నా అంతే, కాజాలు వంకర కుడుతున్నానని సూపర్‌వైజర్ రోజూ తిడుతోంది."

"పాలు పట్టింది ఎవరు?"

"వదిలెయ్యండి మేడమ్."

"ఎవరే?"

"అత్తయ్య. సీసాతో."

"ఇవాళా ఆవిడ దగ్గరే ఉన్నాడు."

"అవును."

"ఇప్పుడు అర్థమైంది. నీకు ఆవిడ మీద నమ్మకం లేదు. వెనకున్నవాళ్ళ మీద నమ్మకం లేనిదాన్ని మధ్యలో ఎట్లా నిలబెట్టను..."

"లోపలికి రావచ్చా కోచమ్మా? వచ్చేశాన్లే."

"అత్తయ్యా! మీరెందుకొచ్చారు? వాడేడి?"

"ఇదుగో, భుజం మీద నిద్రపోతున్నాడు, అరవకు. టోపీ నీ సంచిలో ఉండిపోయింది, తీసుకుపోదామని వచ్చా. వినాలని వినలేదు గాని, మీ కోచమ్మది గొంతు కాదు, మైకు."

"అమ్మా, మీరు ఇంకోలా అనుకోవద్దు. నేను ఆట గురించే..."

"నేనేం అనుకోలేదు. కోచమ్మా, ఒక పని చేద్దాం. నేను వీణ్ణి తీసుకుని ఇంటికి పోతా. ఇక్కడ చూడటానికి ఎవరూ లేకపోతే దీని మెడ దానంతట అదే కుదురుకుంటుంది."

"ఇంటికొద్దు! ఇంట్లో ఎవరూ లేరు."

"నేనుంటా కదే."

"మీరొక్కరే..."

"అదీ సంగతి. నేనొక్కదాన్నే. సరే. ఆ జింకో కుందేలో, దాని పేరే రాసుకో కోచమ్మా. మూడు నెలలుగా నేను సీసా ముట్టుకోవట్లేదు. 'మా అమ్మకి చెయ్యి వణుకుతోంది, బిడ్డకి పాలు పట్టనివ్వకండి' అని మావాడు, అదే దీని మొగుడు, చుట్టాలందరి ముందూ అన్నాడు, పడ్డాను. ఇంకా కూడా దీనికి ధైర్యం చాలట్లేదంటే నేనేం చేసేది?"

"రాస్తున్నా. ఆరో నంబరు..."

"ఆగండి మేడమ్."

"టైము లేదే."

"ఆగమంటున్నానా! అత్తయ్యా, మీ చెయ్యి వణకలేదు."

"ఇప్పుడా మాటెందుకు?"

"ఆ రోజు వాడికి పొలమారింది మీరు పట్టిన పాలు కాదు. మీరు సీసా పట్టి అప్పటికి గంట దాటింది. మళ్ళీ ఏడిస్తే నేనే పక్కలో వేసుకుని పాలిచ్చాను. ప్రాక్టీసు నుంచి వచ్చి ఒళ్ళు హూనమై ఉంది. ఇస్తూ ఇస్తూ నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి వాడు మీ చేతుల్లో ఉన్నాడు. పాలు పట్టిందెవరని ఆయన అరిచారు. మీరు నేనే అన్నారు. మీ సీసా వల్లేనని మీరూ అనుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. మేడమ్, నేను చూసేది అత్తయ్య మీద నమ్మకం లేక కాదు. నా మీద నాకే లేక."

"అయిపోయిందా చెప్పడం?"

"తిట్టండి అత్తయ్యా."

"దేనికి? నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా. నీ చెయ్యెత్తి, దాని కిందనుంచి వాణ్ణి లాగింది ఎవరనుకున్నావు? కాళ్ళకి సాక్సులైనా విప్పకుండా పడి ఉన్నావు, పిలిస్తే పలకలేదు."

"మరి నేనే అని ఎందుకన్నారు?"

"మావాడి మొహం చూశావుగా అప్పుడు. నువ్వని తెలిస్తే మర్నాడే నీ బూట్లు అటకెక్కేవి. చదువు ఎట్లాగూ సగంలో మాన్పించారు నిన్ను. ఇదీ మాన్పిస్తే ఇంకేం మిగులుతుంది? నన్నేం చేస్తాడు, కన్నతల్లిని? రెండు మాటలంటాడు, అన్నాడు. ఏడవకు. ఏడిస్తే బంతి కూడా కనబడదు."

"అత్తయ్యా..."

"తలుపు కొడుతున్నారు, కాగితం కోసం. గోడా, ఇటు చూడు, ఒక్క మాట. ఆస్పత్రి వాళ్ళు ఇవాళ్టి ఆటంతా నువ్వు మెట్లవైపే చూస్తావు, రెండో పక్క ఖాళీగా ఉంటుందన్న లెక్కలో వస్తున్నారు. నువ్వు నిజంగా అటు కాపు కాస్తే, వచ్చిన ప్రతి బంతీ నీ కాళ్ళ దగ్గరికే వస్తుంది. వాళ్ళు తేరుకునేలోపు మనం ముందుకి పోవచ్చు. ఆ పని జింక వల్ల కాదు. కానీ నీ వల్ల అవుతుందని నువ్వే చెప్పాలి. ఎవరి పేరు రాయను?"

"ముందు అత్తయ్యకి ఒకటి చెప్పనివ్వండి."

"ఇంకా ఏంటే? నీకు కనబడేటట్టే కూర్చుంటాలే, భయపడకు."

"వద్దత్తయ్యా. ఎక్కడ కూర్చుంటారో నాకు చెప్పకండి."