నీళ్లంటే భయమున్నవాళ్లకి

హలో… ఆ, నేనే పిన్నీ. చెప్పు.

…ఇంకా నలుగురేనా? శుక్రవారానికి ఐదుగురు చేరకపోతే—

…ఇచ్చేస్తానన్నారా? నువ్వు పెద్దవాళ్లకి ఈత నేర్పే గంటని, ఆ ఏరోబిక్స్ మాస్టారికి? పూల్ మేనేజర్ గారికి మొహమాటమే లేదు.

సరే, కంగారు పడకు. నీ వెబ్‌సైట్ నా ముందే ఉంది. ఒకటి చెప్తాను, తిట్టకు.

నాలుగు పేజీలకీ ఒకటే టైటిల్ పెట్టావు. "హోమ్" అని.

…దుకాణం బోర్డులాగా అనుకున్నావా. ఇది బోర్డు కాదు పిన్నీ. సెర్చ్‌లో వెతికితే పది వరసలు వస్తాయి, అందులో నీ వరస అది. పైన టైటిల్, కింద రెండు లైన్ల డిస్క్రిప్షన్. "హోమ్" అని ఉంటే అద్దె ఇల్లు కావాల్సినవాళ్లు నొక్కుతారు.

…నవ్వు, నవ్వు. నీ గంట పోతోంది.

కింద ఏం రాశావో వింటావా? "నాణ్యత, నమ్మకం, క్రమశిక్షణలకు మారుపేరై, ఇరవై రెండేళ్ల అపార అనుభవంతో…" అక్కడ తెగిపోయింది. ఈత అన్న మాట ఇంకా రానేలేదు.

…ఉందిలే, మూడో లైన్లో. అది ఎవరికీ కనపడదు. అసలు మాట ముందుండాలి.

సరే, కొత్తగా వచ్చినవాళ్లు పూల్ మెట్ల మీద నిలబడి వణుకుతుంటారు చూడు, వాళ్లు మొదట నిన్నేం అడుగుతారు?

…"ఈ వయసులో వస్తుందా" అనా. నువ్వేమంటావు?

…ఆగాగు, రాసుకోనీ. "మొదటి వారం నడుం లోతు దాటనివ్వను. మీరు వదలమనేదాకా చెయ్యి వదలను."

పిన్నీ, రాయాల్సింది ఇదీ.

…వద్దు. "పది రోజుల్లో చేపలా" వద్దు. నిజంగా ఎన్ని రోజులు పడుతుంది?

…మరి నెలన్నర అనే రాద్దాం. లేనిది రాస్తే వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతారు.

విను. టైటిల్, "పెద్దవాళ్లకి ఈత, నీళ్లంటే భయమున్నా సరే". కింద, "నలభై దాటాక కూడా నేర్చుకోవచ్చు. మొదటి వారం నడుం లోతే. మీరు వదలమనేదాకా చెయ్యి వదలం. నెలన్నర, పొద్దున ఆరింటికి."

…సెర్చ్‌లో మారడానికి కొన్ని రోజులు పట్టచ్చు. ఇవాళ సోమవారమేగా, చూద్దాం.

…నీకు నచ్చితే చాలదు, ఇంకెవరికైనా చదివి వినిపించు. పక్కన ఎవరున్నారు?

…మేనేజర్ గారా. ఆయనకే వినిపించు, పోయేదేముంది. పంపాను చూడు.

…

…పిన్నీ? ఉన్నావా?

ఎందుకా గుసగుసలు?

…ఆఫీసు గది తలుపు వేశారా? వేసి?

…"నిజంగానే వదలరా" అన్నారా.

…ఈత రాదా? ఎవరికి, ఆయనకా? పన్నెండేళ్లుగా ఆ పూల్ పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని—

అందుకేనా, ఎప్పుడు చూసినా గోడకి ఆనుకుని నడుస్తారు. బూట్లు తడుస్తాయని అనుకునేదాన్ని.

…నేనేం నవ్వట్లేదు. సరే, నవ్వుతున్నా. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకో, ఆయనకి వినపడుతుంది.

మరి శుక్రవారం సంగతి?

…ఐదో పేరు తనదే రాసుకోమన్నారా. హమ్మయ్య. ఇంక ఆ మాస్టారు వేరే గంట చూసుకుంటారులే.

…ఐదున్నరకే వస్తారా, మిగతావాళ్లు చూడకుండా? రానీ పాపం.

మిగతా మూడు పేజీల టైటిళ్లు నేను మార్చేస్తాను, నువ్వు ముట్టుకోకు.

…మళ్లీ పిలుస్తున్నారా? ఏం కావాలట?

…ఈత నిక్కరు ఎక్కడ దొరుకుతుందనా. పన్నెండేళ్లుగా పూల్ కౌంటర్లో అవి అమ్ముతున్నది ఆయనే కదా పిన్నీ… వెళ్లు, వెళ్లు. సైజు నువ్వే చూసివ్వు. ఉంటాను.