“ఎవరు” అనే గడి లేని రిజిస్టరు

1994 జూన్ 13, సోమవారం ఉదయం, మనమందరం గౌరవంగా ‘సిస్టమ్స్ మేడం’ అని పిలుచుకునే వారు మన ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా విధుల్లో చేరారు. నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది పక్కన, వారికి దక్కినవి ఒక బల్ల, ఒక కంప్యూటరు. ఆవిరికి కీబోర్డు చెమ్మగిల్లితే తుడుచుకుంటూనే రోగుల వివరాలు ఎక్కించేవారు. మెకానిక్ కోసం ఎదురుచూడటం విసుగనిపించి, మరమ్మతులు స్వయంగా నేర్చుకున్నారు.

2003లో సిస్టమ్స్ విభాగ బాధ్యతలు స్వీకరించిన మొదటి వారంలోనే మరమ్మతుల రిజిస్టరు ప్రారంభించారు. నాలుగే గడులు: ఏం జరిగింది, ఏం కనిపించింది, ఏం మార్చాం, ఏమైంది.

“ఎవరు చేశారో రాసే గడి ఏదమ్మా?” అని అడిగారు అప్పటి సూపరింటెండెంట్ గారు.

“అది పెడితే మిగతా నాలుగూ ఖాళీగా ఉంటాయి సార్.”

ఆ మాట విలువ నాకు 2017లో తెలిసింది. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఎంత, ఏ కోణంలో ఇవ్వాలో లెక్కగట్టే ప్రోగ్రాం మన సర్వర్‌లోని వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటరులో నడుస్తుంది. లెక్క వేగంగా తేలాలంటే గ్రాఫిక్స్ కార్డును ఆ లోపలి మెషీన్‌కు నేరుగా అప్పగించాలి. ఆ రోజు ఉదయం కార్డు దానికి అందలేదు. కార్డు లేకుండా లెక్క మర్నాటికి గానీ పూర్తి కాదు. మర్నాటి నుంచి రేడియేషన్ యంత్రం నాలుగు రోజుల సర్వీసింగ్‌కు వెళ్తోంది. గొంతులో గడ్డ పెరిగి ఊపిరికి అడ్డుపడుతున్న ఒక బస్సు డ్రైవరు వరండాలో కూర్చుని ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి ఆయనకు మొదటి చికిత్స.

కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాం. కార్డు ఊడదీసి బిగించాం. కంపెనీ ఇంజనీరు ఫోన్‌లోనే “కార్డు పోయింది” అని తేల్చేశాడు.

“నిన్న దీన్ని ముట్టుకున్నదెవరు?” అని గద్దించారు పెద్ద డాక్టరు గారు. ఆయన కాక గదిలో ఐదుగురం. ఎవరికి వారు పక్కవాళ్ళ వైపు చూశాం.

మేడం ఆయనను, మిగతా ముగ్గురిని టీకి పంపించి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“నిన్నటికీ ఇవాళ్టికీ ఈ గదిలో ఏం మారింది బాబూ? కుర్చీ జరిగినా సరే, చెప్పు.”

“సర్వర్‌కున్న పాత పోర్టు వదులై బొమ్మ వణుకుతోందని, మానిటర్ కేబుల్ తీసి కార్డుకి పెట్టానండి. నిన్న సాయంత్రం. దానికీ దీనికీ సంబంధం లేదనుకున్నా.”

“పొద్దున కరెంటు పనికి సర్వర్ ఆపి, మళ్ళీ లేపాం కదా. కార్డుకి తెర తగిలించి కనబడేసరికి, పెద్ద మెషీను, అంటే సర్వరు, లేస్తూనే కార్డును తనే పట్టేసుకుంది. ఇక లోపలిదానికేం మిగులుతుంది?”

కేబుల్ పాత పోర్టుకు మార్చి, వదులుగా ఉన్నచోట మడతపెట్టిన కాగితం దోపి, సర్వర్‌ను మళ్ళీ లేపారు. లోపలి మెషీన్ కార్డును అందుకుంది. మూడున్నరకు లెక్క తేలింది. నాలుగింటికి డ్రైవరు గారు లోపలికి నడిచారు.

“పోర్టు వదులైందని ముందే చెప్పాల్సింది. నీ తప్పల్లా అదే,” అన్నారు మేడం రిజిస్టరు మూస్తూ.

వారి శ్రీవారు మొన్న నాతో వాపోయారు: “ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా ఇదే వరసండీ. ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది’ అని కూర్చోబెట్టేస్తుంది. దానికంటే రెండు తిట్లు తిన్నా తొందరగా తెమిలేది.”

ఆ డ్రైవరు గారు చికిత్స మొత్తం పూర్తి చేసుకుని ఇంటికి వెళ్ళారు. కేబుల్ మార్చింది ఎవరో మేడం ఎనిమిదేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. విభాగానికి ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఆ రోజు వారు అడిగిన తీరే నాతో నిజం చెప్పించింది. నన్ను ఈ ఉద్యోగానికి తగినవాడిగా నిలబెట్టింది.

పదవీ విరమణతో పగ్గాలు వదులుతున్న ఈ శుభవేళ, మా గురుతుల్యులైన మేడం గారు కంటిచూపు చెదరక, మోకాళ్ళు మొరాయించక, శ్రీవారితో, పిల్లలతో నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా, నిశ్చింతగా ఉండాలని, ఎప్పుడైనా మాకు దిక్కుతోచకపోతే ఫోన్ మాత్రం ఎత్తాలని కృతజ్ఞతతో కోరుకుంటున్నాను.